వెయ్యో రోజు కుర్చీ

పదింబావుకి మేనేజరు వచ్చి ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. కాగితం ఎగరకుండా దాని మీద పెన్ను, పెన్ను దొర్లకుండా దానికి ఆనించి టీకప్పు పెట్టి, "పదకొండుకల్లా వాళ్ళొచ్చేస్తారు మేడం, ఈలోగా ఒక్క సంతకం" అనేసి వెళ్ళిపోయాడు. ఒక్క సంతకమట! పక్కింటావిడ ఒక్క కప్పు పంచదార అడిగినట్టు. సంతకానికి ఎంతసేపు కావాలి గనక, ఆమె పేరు మూడక్షరాలు, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు, అంతా కలిపితే రెండు సెకన్లు. కానీ ఇదిగో, పదీ ఇరవై అయింది, టీ మీద తెట్టు కట్టింది, ఆమె ఇంకా పెన్ను మూతైనా తియ్యలేదు. ధన్, అంది గోడ అవతల ప్రెస్సు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ధన్. ఈ గదిలో కూర్చున్న ఏడేళ్ళలో ఆ దెబ్బల మధ్య అంకెలు లెక్కపెట్టుకోవడం ఆమెకి అలవాటైపోయింది. కొందరు కూర్చుని కాలు ఊపుతారే, ఊపుతున్నట్టు వాళ్ళకే తెలియదు, అలాగ. దెబ్బ పడ్డప్పుడల్లా టీ తెట్టు ముడతపడుతుంది, గోడకున్న మందుల పెట్టె తలుపు టకటకమంటుంది, కిటికీ పక్క బరువు తూచే యంత్రం ముల్లు ఓసారి వణికి ఆగుతుంది. భద్రతాధికారికి వేరే గది ఇవ్వడానికి కంపెనీకి ఏడేళ్ళుగా తీరిక దొరకలేదు, అందుకని ఆమె బల్ల ప్రథమ చికిత్స గదిలోనే, రోగి మంచానికీ ఆ కుర్చీకీ మధ్య ఇరుక్కుని ఉంది.

ఆ కుర్చీలో గడియారం కూర్చున్నాడు. గోడ గడియారం కాదు, మనిషి. తలుపులకి వేసే మడతబందులు ఈ ఫ్యాక్టరీ సరుకు, వాటి రేకుల్ని ప్రెస్సు మీద ఇరవై రెండేళ్ళుగా ఒక్క దెబ్బ ముందూ వెనకా కాకుండా కొట్టే మనిషి కాబట్టి ఎవరో ఎప్పుడో ఆ పేరు పెట్టారు, జీతం కాగితం మీద తప్ప అన్నిచోట్లా అదే స్థిరపడింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. చేతిని గుండెకన్నా ఎత్తులో ఉంచుకోమన్నాడు డాక్టరు, అందుకని ప్రమాణం చెయ్యబోతున్నవాడిలా దాన్ని ఛాతీ మీద పెట్టుకుని పొద్దున్న ఎనిమిదింటి నుంచీ కూర్చున్నాడు, సాయంత్రం నాలుగు దాకా కూర్చుంటాడు. ఇది మూడో రోజు. మొదటి రోజుకి ముందు రోజు మధ్యాహ్నం చూపుడు వేలూ మధ్య వేలూ రెండో కణుపు దాకా ప్రెస్సులో పోయాయి, సాయంత్రం కుట్లు వేశారు, మర్నాడు పొద్దున్న ఏడింటికి కంపెనీ కారు ఆయన ఇంటి ముందు ఆగింది. ఇరవై రెండేళ్ళు సైకిలు మీద వచ్చినవాడికి కారు! ఆయన ముందు ఒక పీట, పీట మీద లేబుళ్ళ కట్ట. రిజిస్టరులో "తేలికపాటి పని: లేబుళ్ళు లెక్కించుట" అని ఉంది, ఆమె చేతిరాతే. లేబుళ్ళ కట్టకి చుట్టిన దారం మూడు రోజులుగా విప్పలేదు, ఎవరు విప్పుతారు, ఎడం చేత్తో ముడి విప్పడం ఆయనకింకా రాలేదు.

ఎందుకిదంతా అంటే సూత్రం అలాంటిది. దెబ్బ తగిలినవాడు మర్నాడు పనికి రాకపోతే అది ప్రమాదం, వస్తే ప్రథమ చికిత్స. అంతే. వేళ్ళు ఎన్ని పోయాయన్నది కాదు, రోజు పోయిందా లేదా అన్నది ముఖ్యం. ఈ సూత్రం కనిపెట్టినవాడు ఎక్కడున్నాడో గాని వాడికి పది వేళ్ళూ ఉండి ఉంటాయి, అనుకుందామె, ఒళ్ళు మండిపోతూ. రావడమంటే ఉత్తినే రావడమూ కాదు, గేటు దగ్గర యంత్రం మీద వేలు పెట్టాలి, పొద్దున్న లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒకసారి. వెళ్ళేటప్పుడు పెట్టకపోతే ఆ రోజు లెక్కలోకి రాదు. మొన్న పొద్దున్న గడియారం ఆ యంత్రం ముందు నిలబడ్డాడు. ఆయన ముద్ర ఉన్నది కుడిచేతి చూపుడు వేలుది. యంత్రంలోంచి ఆ ఆడగొంతు, ఎప్పుడూ విసుగు ఎరగని ఆ గొంతు, "దయచేసి వేలు ఉంచండి" అంది. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "దయచేసి వేలు ఉంచండి" అందది మళ్ళీ. వెనకాల వరసలో ముప్పైమంది, ఒక్కడు నవ్వితే ఒట్టు. చివరికి టైమ్ ఆఫీసు గుమాస్తా పరుగెత్తుకొచ్చి ఎడంచేతి బొటనవేలు ఎక్కించాడు, ముద్ర మార్పుకి కారణం రాయాల్సిన గడిలో బాగా ఆలోచించి "పాత వేలు అందుబాటులో లేదు" అని రాశాడు. అది చదివినప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తనని తాను లాగి ఒకటి కొట్టాలనిపించింది.

ధన్. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ధన్. కాగితం మీద "గడచిన వెయ్యి దినములలో ఒక్క పనిదినమైనను నష్టపడిన ప్రమాదమేదియు సంభవించలేదని ధ్రువీకరించడమైనది" అని ఉంది. ఫ్యాక్టరీలో ఎవరూ ఇలా మాట్లాడరు, అబద్ధానికి మాత్రం ఇస్త్రీ బట్టలు వేసి పంపుతారు. పరిశ్రమల సంఘం పెద్దలు పదకొండుకి వస్తారు, షీల్డు ఇస్తారు, ఫొటోలో మేనేజరు మధ్యలో, ఆమె పక్కన. గేటు దగ్గర ప్రమాదం లేని రోజుల బోర్డు మీద పొద్దున్నే తనే స్టూలెక్కి నాలుగు రేకులు తగిలించింది, 1, 0, 0, 0. ఇన్నాళ్ళూ బోర్డుకి మూడే కొక్కేలు, నాలుగో కొక్కెం నిన్ననే వెల్డింగు చేయించారు. వెయ్యికి మూడు సున్నాలు కావాలి, పెట్టెలో రెండే ఉన్నాయి, మూడోది పెయింటరు చేత కొత్తగా వేయించారు, దానికింకా రంగు వాసన పోలేదు. ఏ కొక్కెం విరిగినా నెల రోజులు తిప్పించుకునే మెయింటెనెన్సు వాళ్ళు ఈ కొక్కేన్ని మాత్రం గంటలో పూర్తి చేశారు, ఆమె దగ్గరుండి చేయించింది, అదీ బాధ. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి అంకె మార్చే పని ఆమెదే కాబట్టి కార్మికులు వెనకాల నంబరమ్మ అంటారు, ముందేమో మేడం, అమ్మా. ఆమెకి తెలుసు. కోపం రాలేదెప్పుడూ, అందులో తప్పేముంది గనక.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె అన్నీ రాసేది. కంట్లో నలుసు పడితే రాసేది, నూనె మీద జారితే రాసేది, నిచ్చెన మెట్టు విరిగితే ఎవరూ ఎక్కకముందే రాసేది. ఏడాది తిరిగేసరికి యాజమాన్యం వాళ్ళవి ఆరు ఫ్యాక్టరీలుంటే ఆరింటిలోకీ ప్రమాదాల రేటు ఇక్కడే ఎక్కువని తేలింది. గోడంత తెర మీద గీతల పటం వేసి చూపించారు, మిగతా ఐదూ నేలకి అంటుకుని ఉన్నాయి, ఈ ఒక్కటీ ఆకాశంలోకి లేచింది. మీటింగులో అందరూ తలలు తిప్పి ఆమె వంక చూశారు, ఆ నిచ్చెనలన్నీ ఆవిడే విరగ్గొట్టినట్టు. "ఈవిడ రాకముందు ఇన్ని లేవే" అన్నాడొకాయన, నిజంగా ఆశ్చర్యపోతూ. రోడ్డు అవతలి కంపెనీవాళ్ళ గొడౌనులో అదే ఏడాది ఒక మనిషి రేకుల పైకప్పులోంచి కిందకి పడ్డాడు, వాళ్ళ రేటు సున్నా, ఎందుకంటే ఆ మనిషి కాంట్రాక్టరు మనిషి, కాంట్రాక్టరు లెక్క వేరే, కాంట్రాక్టరు లెక్క ఎక్కడుందో కాంట్రాక్టరుకే తెలియదు. రాసినచోటే ప్రమాదాలు జరుగుతాయి, రాయనిచోట జరగవు. ఈ సంగతి బుర్రకెక్కడానికి ఆమెకి ఒక ఏడాదీ, ఒక జీతం పెంపూ పట్టింది, పెంపు అంటే ఆ ఏడు రాకుండా పోయిన పెంపు. తర్వాత కుర్చీ వచ్చింది. ఎవరు తెచ్చారో గుర్తులేదు, చేతులున్న కుర్చీ, మెత్త కూడా ఉంది. వెల్డరు కళ్ళకి గంతలతో అందులో రెండ్రోజులు కూర్చున్నాడు, "రేడియో అయినా పెట్టించండి మేడం" అని బతిమాలాడు. ప్యాకింగులో పెద్దావిడ పాదం మీద పెట్టె పడితే పదకొండు రోజులు కూర్చుంది, ఆ పదకొండు రోజుల్లో మనవడికి రెండు స్వెట్టర్లు అల్లేసింది. అప్పుడంతా నవ్వుకున్నారు. సింహాసనం అని పేరు కూడా పెట్టారు, ఆమే పెట్టిందేమో, అవును, ఆమే పెట్టింది.

ఇంట్లో అత్తగారికి ఒక అలవాటుంది. కప్పు పగిలినా పెచ్చు లేచినా పారెయ్యదు, పగిలిన వైపు గోడకి తిప్పి అలమరా వెనక వరసలో పెడుతుంది, ముందు వరస ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. ఓ రోజు చుట్టాలు ఎక్కువమంది వచ్చి వెనక వరస తియ్యాల్సి వచ్చింది, తీస్తే ఒక్కటీ పనికొచ్చేది లేదు, ఆ పూట పెద్దవాళ్ళంతా గ్లాసుల్లో టీ తాగారు. "మీకేమైనా మతి ఉందా అత్తయ్యా" అని ఆమె కేకలేసింది, ఆ నోటితోనే మర్నాడు ఫ్యాక్టరీకి వచ్చి "తేలికపాటి పని" అని రాసింది. అమ్మాయి ఏమో మొన్న బళ్ళో వ్యాసం రాసుకొచ్చింది, మా ఇంట్లోవాళ్ళు చేసే పని అని. నాన్న బస్సు నడుపుతాడు, నానమ్మ నన్ను తిడుతుంది, మా అమ్మ రోజుకి ఒకటి కలుపుతుంది. టీచరు పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది. "అదేంటే, ఒకటి కలపడమేంటి, నేను చేసేది మనుషుల్ని కాపాడే ఉద్యోగం" అంటే పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండా, "కాపాడితే మంచిదే, కానీ నేను చూసింది అదొక్కటే కదా, ఆ రోజు తీసుకెళ్ళినప్పుడు" అంది. నిజమే, సెలవుల్లో ఒక పూట తీసుకొచ్చింది, ఐదు వందల చిల్లర మీద ఉందప్పుడు లెక్క, పిల్ల చేతే రేకు తగిలించింది, చప్పట్లు కూడా కొట్టారు. ఏం రాయమని చెప్పాలి మరి, కలుపుతుంది అని కాక.

"టైమెంతయిందమ్మా?" అన్నాడు గడియారం.

"పదిన్నర. నొప్పిగా ఉందా? ఇంకో మాత్ర వేసుకుంటారా?"

"నొప్పి కాదు లెండి. లేని వేళ్ళు దురద పెడుతున్నాయి. డాక్టరు అలాగే ఉంటుందన్నాడు." చేతిని ఛాతీ మీద సర్దుకుని, "ఈ పూట ఇంటికెళ్ళి పడుకోనిస్తారేమో అనుకున్నాను, వెయ్యి అయిపోయాయి కదా" అన్నాడు. అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టు. ఆయన కుడికాలి బొటనవేలు చెప్పులో కదులుతోంది, మూడు రోజులుగా అంతే, కూర్చున్నంతసేపూ కదులుతూనే ఉంటుంది, ఇవాళ మరీను. ఆయన కళ్ళు గోడ మీద ఉన్నాయి, గోడ మీద చూడ్డానికేమీ లేదు, పచ్చ రంగు, మేకు ఒకటి.

ధన్. మేనేజరు నిన్న ఇదే గదిలో నిలబడి ఏమన్నాడు, "మన ఫ్యాక్టరీని ఎవరూ వేలెత్తి చూపకూడదు మేడం" అన్నాడు, ఈయన ఎదురుగానే, ఏ మాట ఎక్కడ అనాలో తెలియని మనిషి, అని నాలిక్కరుచుకున్నాడు కూడా, దుర్మార్గుడు అందామంటే అదీ కాదు, ఆస్పత్రిలో సగం రాత్రి దాకా కూర్చున్నది అతనే, గడియారం భార్య ఏడుస్తుంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడట. అక్కడే వస్తుంది చిక్కు. ఎవరూ దుర్మార్గులు కారు, అందరూ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళే. ఈ ఉద్యోగంలో తల ప్రాణం తోకకొచ్చేది అందుకే, కసితీరా తిట్టడానికి ఒక్క మొహం దొరకదు, వెతగ్గా వెతగ్గా చేతులు కడుక్కునేచోట అద్దంలో ఒకటి కనిపిస్తుంది.

ఎందుకంటే బిళ్ళని ఆమె ముందే చూసింది. ఆ ప్రెస్సుకి రెండు బటన్లుంటాయి, కుడిచేతికొకటి, ఎడంచేతికొకటి, రెండూ ఒకేసారి నొక్కితేనే దెబ్బ పడుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు అచ్చు కింద చెయ్యి ఉండే అవకాశమే లేదు, ఇంతకన్నా తేలికైన తెలివి ఇంకోటి లేదు. దీనికి పై తెలివి కనిపెట్టారు. కుడి బటను నొక్కి, దాని మీద చెక్కబిళ్ళ ఒకటి బిగించేస్తే అది ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. ఇక ఎడంచేత్తో బటను, కుడిచేత్తో రేకు, గంటకి రెండు వందల దెబ్బలు ఎక్కువ. బిళ్ళ ఎంత ముచ్చటగా చెక్కారంటే ఉప్పుకాగితంతో రుద్ది, అంచులు గుండ్రం చేసి, పోకుండా దారం కూడా కట్టారు. రెండు నెలల కిందట అటు వెళ్తూ చూసిందామె, ఆగింది, ఫోర్‌మన్ వంక చూసింది, ఫోర్‌మన్ "ఈ ఒక్క ఆర్డరుకే మేడం, అయిపోగానే తీసేస్తా" అన్నాడు. ఆమె గదికి వచ్చి పుస్తకంలో రాసుకుంది. ఏమని, "మౌఖికంగా హెచ్చరించడమైనది" అని. బిళ్ళని చేత్తో లాగి సంచిలో వేసుకోవడానికి ఎంతసేపు కావాలి, సంతకమంత సేపు చాలు, రెండు సెకన్లు. లాగలేదు. అప్పటికి లెక్క తొమ్మిది వందల ముప్పై చిల్లర, లాగితే ఫోర్‌మన్‌తో గొడవ, గొడవైతే మేనేజరు, మేనేజరైతే ఆ గీతల పటం, ఇదంతా ఆ రెండు సెకన్లలోనే బుర్రలో తిరిగింది, తిరిగి, కాళ్ళని ముందుకు నడిపించింది. అటుమొన్న వేళ్ళు పోయిన అరగంటకి మాత్రం పరుగెత్తుకెళ్ళి లాగింది. ఇప్పుడది ఆమె సొరుగులో ఉంది, పాత పేపరులో చుట్టి, దారంతో సహా. పేపరు మీద మరక గోధుమరంగుకి తిరిగింది.

సరే, తీసేశాం కదా, అని ఆమె పొద్దున్నించీ తనకి తాను చెప్పుకుంటున్నది అదే. బిళ్ళ సొరుగులో ఉంది, "ఇక జన్మలో పెట్టను మేడం, మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు ఫోర్‌మన్, ప్రెస్సు ఒక రోజు ఆపి నిన్నటి నుంచీ రెండు చేతులతోనే నడుపుతున్నారు. ప్రమాదం అని రాస్తే ఇప్పుడొచ్చే లాభమేంటి, వేళ్ళు మొలుస్తాయా, ఈయనకి నష్టపరిహారం ఎలాగోలా చూస్తామన్నారు, ఎలాగోలా అంటే ఎలాగో అడగలేదు. రాస్తే వెయ్యి కాస్తా సున్నా, షీల్డు లేదు, ఉద్యోగమూ ఉండదు, నలభై ఒకటో ఏట ఇంకో ఫ్యాక్టరీలో ఇంకో బోర్డు, అక్కడా ఇదే కుర్చీ. పెడదాం. పెట్టేసి చేతులు దులుపుకుందాం. అందరూ దులుపుకునేవాళ్ళే, నా చేతులకే ఏమైంది. ఆమె పెన్ను మూత తీసింది. ధన్.

"అమ్మా" అన్నాడు గడియారం. "ఇప్పుడు ప్రెస్సు మీదున్నది మా బామ్మర్దండి."

ఆమెకి తెలుసు. ఆయన భార్య తమ్ముడు, పదేళ్ళుగా ఇక్కడే చేస్తున్నాడు, మొన్నటిదాకా డ్రిల్లింగులో. పని నేర్పింది కూడా ఈయనే. "తెలుసు. జాగ్రత్తగల మనిషే కదా."

"జాగ్రత్తగల మనిషే." ఆయన గోడ వంక చూస్తూనే ఉన్నాడు. "నిన్నంతా ఏదో తేడాగా ఉందనుకున్నాను. ఈ మందులకి నా బుర్రే పనిచెయ్యడం లేదేమో అనుకున్నాను. ఇప్పుడు ఖాయంగా చెబుతున్నాను. మీరొక్కసారి లెక్కపెట్టండమ్మా."

"ఏం లెక్కపెట్టాలి?"

"దెబ్బకీ దెబ్బకీ మధ్య. రేకు పెట్టి, చెయ్యి తీసి, రెండు చేతులూ బటన్ల మీదకి తెచ్చి నొక్కితే తొమ్మిదికి గాని పడదు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఎనిమిదిన్నర. ఇరవై ఏళ్ళు కొట్టాను, నాకు తెలియదా. ఇది ఆరుకే పడుతోంది. ఒంటిచేతి దెబ్బ ఇది. మళ్ళీ పెట్టేశారమ్మా బిళ్ళ."

ధన్. ఒకటి. కాదు, అలా కాదు, అటుమొన్న తీసింది సొరుగులోనే ఉంది. రెండు. సొరుగు లాగింది, పేపరుంది, పేపర్లో బిళ్ళుంది, దారముంది. మూడు. చెక్కకి కరువా, ప్యాకింగు షెడ్డు నిండా చెక్కే. నాలుగు. పిల్లల మీద ఒట్టన్నాడు. ఐదు. పొద్దున్నించీ తను లెక్కపెడుతూనే ఉందిగా, లెక్కపెట్టడం తప్ప ఇంకేం చేసింది, ఆరు. ధన్. ఎప్పటినుంచీ ఆరు? ఒకప్పుడు తొమ్మిదుండేది. ఉండేది, చిన్నప్పుడు బళ్ళో అప్పజెప్పినట్టు తొమ్మిదిదాకా వెళ్ళి ఆగేది నోరు, వేసవిలో ఎప్పుడో ఆరు దగ్గరే ఆగడం మొదలుపెట్టింది. అంటే రెండు నెలలుగా ఈ గదిలో కూర్చుని తన నోటితో తనే ఆ బిళ్ళని లెక్కపెడుతోంది, నిన్న లెక్కపెట్టింది, పొద్దున్న లెక్కపెట్టింది, ఈయన రెండు వేళ్ళూ మూడు, నాలుగు, ఐదు అని ఆమె నోట్లోంచే వెళ్ళాయి. ధన్. ఒకటి, రెండు. ఇప్పుడు వెళ్ళేది ఎవరివి. గంటకి ఆరు వందల సార్లు వెళ్తుంది ఆ కుడిచెయ్యి అచ్చు కిందకి, పదకొండుకి షీల్డు, ఫొటో, కేకు, పన్నెండుకి భోజనం గంట, ఒంటిగంటకి మళ్ళీ ధన్. ఈ కుర్చీకి ఖాళీ ఉండదు, ఒకరు లేవగానే ఒకరు, చుట్టాలే వంతులేసుకుని కూర్చుంటారు కాబోలు. "ముందే ఎందుకు చెప్పలేదండీ" అని అరిచింది, ఆ అరుపుకి ఆమెకే సిగ్గేసింది, ఎవరు ఎవరికి ముందే చెప్పాలి!

"చెబితే వాడి పని పోతుందేమోనని" అన్నాడాయన మెల్లగా. "మా ఆవిడకి వాణ్ణి ఈ ప్రెస్సు మీద వేశారనే తెలియదు. నేనింకా చెప్పలేదు."

ఆమె లేచింది. పెన్ను ఎక్కడ పెట్టిందో తెలియదు, టీకప్పు ఒలికింది, ఒలికితే కాగితం మీదుగా పాకి "ధ్రువీకరించడమైనది" అన్నచోట గోధుమరంగు మడుగు కట్టింది, కట్టనీ. "లేవండి" అంది. "ఇంటికెళ్ళండి. వెళ్ళి పడుకోండి." ఆయన లేవలేదు, కళ్ళు గోడ మీదే, బొటనవేలు కదులుతూనే ఉంది. అప్పుడర్థమైంది, ఆ దెబ్బ ఆగితే గాని ఈ మనిషి లేవడు.

షెడ్డులోకి ఆమె పరుగెత్తలేదు, పరుగెత్తకూడదని తనే గోడల నిండా బోర్డులు రాయించింది, నేల మీద పసుపు గీతల మధ్య నడిచింది. ఇంత వేగంగా ఆమె నడవడం ఎవరూ చూసి ఉండరు, వరసలో తలలు ఒక్కొక్కటే తిరిగాయి. బామ్మర్ది రేకు పెడుతున్నాడు, ఎడంచెయ్యి బటను మీద, కుడి బటను మీద కొత్త బిళ్ళ, ఇంకా తెల్లగా, ఉప్పుకాగితం కూడా పెట్టలేదు, తొందరలో చెక్కినట్టుంది. ప్రతి ప్రెస్సుకీ ఎర్ర బటను ఒకటుంటుంది, ఆపద వస్తే కొట్టేది. దాని గురించి ఆమె ఏడేళ్ళలో అరవై సార్లు పాఠం చెప్పింది, ఒక్కసారీ ఆపద వచ్చి కొట్టలేదు. అరచేత్తో కొట్టింది. ప్రెస్సు పైన ఉన్నది పైనే ఆగింది, చక్రం ఒకటి కాసేపు తిరిగి తిరిగి ఊరుకుంది. చెవుల్లో ఎప్పుడూ ఉండే చప్పుడు పోయేసరికి షెడ్డులో ఎవరిదో దగ్గు వినిపించింది.

"ఎవరి ఆర్డరు మేడం ఇది?" అన్నాడు ఫోర్‌మన్, చేతిలో తూకం కాగితాలతో వచ్చి. "ఇంకో అరగంటలో వాళ్ళొస్తారు, ఖాళీ ప్రెస్సు చూపిస్తామా?"

"నాది. ప్రమాదం జరిగిన ప్రెస్సు తనిఖీ అయ్యేదాకా నడపకూడదు, నీకూ తెలుసు నాకూ తెలుసు."

"ప్రమాదం ఎక్కడ జరిగింది మేడం? మీరే కదా ప్రథమ చికిత్స అని రాశారు."

దీనికి జవాబు మూడు రోజుల కిందటే చెప్పాల్సింది. ఆమె బిళ్ళని లాగింది, గట్టిగా బిగించారు, రెండు సెకన్లు కాదు చాలాసేపే పట్టింది, గోరు విరిగింది. లాగి బామ్మర్ది చేతిలో పెట్టి, "మీ బావ గోడ అవతల కూర్చుని విన్నాడు, ఆరుకే పడుతోందని చెప్పాడు" అంది. అతను బిళ్ళ వంక చూడలేదు, తన కుడిచేతి వంక చూసుకున్నాడు, వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. స్టూలు ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. ఎక్కింది. రిపోర్టు తర్వాత రాయొచ్చు, రాస్తుంది, బిళ్ళ దారం పొడుగుతో సహా, తను చూసీ నడిచిపోయిన తారీఖుతో సహా, వెల్డరూ పెద్దావిడా స్వెట్టర్లతో సహా రాస్తుంది, కానీ రిపోర్టులు సొరుగుల్లోకి వెళ్ళిపోతాయని ఏడేళ్ళుగా చూస్తోంది, బోర్డు మాత్రం రోడ్డు మీదకి కనిపిస్తుంది. కొత్త కొక్కెం బిగుతుగా ఉంది. కిందనుంచి మేనేజరు అరుస్తూ వస్తున్నాడు, ఎప్పుడూ నలగని చొక్కా ఇవాళ నడుం దగ్గర బయటికొచ్చింది. రోడ్డు మలుపులో రెండు తెల్ల కార్లు కనిపించాయి.

"ఏం చేశారు మేడం? అసలేం చేస్తున్నారు మీరు?"

"ఒకటి తీశాను సార్" అంది.

బోర్డు మీద మూడు సున్నాలు మిగిలాయి, కొత్తది ఒకటి, పాతవి రెండు. మేనేజరు వాటి వంక చూశాడు, కార్ల వంక చూశాడు, చొక్కా లోపలికి దోపుకున్నాడు. అంతలోనే లోపల్నుంచి గడియారం నడిచి వచ్చాడు, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, పక్కనే బామ్మర్ది ఆయన టిఫిను డబ్బా పట్టుకుని. యంత్రం దగ్గర ఇద్దరూ ఆగారు. "దయచేసి వేలు ఉంచండి" అందా గొంతు. గడియారం దాన్ని కాసేపు చూశాడు, ఎడంచెయ్యి సగం దాకా లేపాడు, దించేసి, దాటుకుని బయటికి నడిచాడు.

"ఏమండోయ్, వేలు పెట్టలేదు మీరు" అని వాచ్‌మన్ వెనక నుంచి పిలిచాడు. "ఇవాళ్టి రోజు పోతుంది!"

"పోనీ" అన్నాడు గడియారం, వెనక్కి తిరక్కుండా.